సాయంత్రం ఇవ్వని నెత్తురు

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. ఎవరూ రాసి పెట్టింది కాదు, ఏ కూడికలోనూ తీర్మానించింది కాదు. ఆదివారం ఆరాధనలో పాటలు అయిపోయాక, వాక్యం చెప్పకముందు, సాక్ష్యాలకు సమయం ఇస్తారు. దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్లు ఒక్కొక్కరుగా లేచి నిలబడతారు. అలా లేచి "నాకు నయమైంది" అని ఒకసారి చెప్పిన మనిషి, అదే జబ్బుకు మళ్లీ దవాఖానకు పోకూడదు. పోతే దేవుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టు.

జ్వరం పోయిందని సాక్ష్యం చెప్పిన ఒక పెద్దమ్మకు మర్నాడే జ్వరం తిరగబెట్టింది. మాత్రలు తెచ్చుకుని బియ్యం డబ్బాలో దాచుకుని మింగేది. నేను చూశానని తెలిసి, "ఎవలన్న అడిగితే బియ్యంల పురుగు వట్టకుండ ఏసిన అని జెప్త బిడ్డా, నువ్వు గూడ గదే జెప్పు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అది నవ్వుకునే సంగతే అనుకున్నాను అప్పట్లో.

నేను పుట్టింది విశ్వాసుల ఇంట్లో. మా నాన్న వనపర్తి చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగి సువార్త చెప్పినవాడు. పొద్దున బైబిల్లో ఒక అధ్యాయం చదివితే గాని రొట్టె ముట్టనిచ్చేవాడు కాదు. ధర్మశాస్త్రమైనా, కీర్తనలైనా, సువార్తలైనా నాకు ఆయన గొంతులోనే గుర్తున్నాయి. సాక్ష్యం విషయంలో మాత్రం ఆయనకు ఒక పట్టింపు ఉండేది. "సాక్ష్యమంటే జరిగింది జెప్పుడు బిడ్డా. జరగాలని నువ్వు కోరుకున్నది జెప్పుడు గాదు. కోర్టుల ఎవడన్న గట్ల జెప్తె లోపలేస్తరు. దేవుడు జర మెత్తనోడు గనక మన చర్చిల నడుస్తుంది" అనేవాడు. ఆయన పోయాక ఆ మాట ఎవరి నోటా వినలేదు.

నాకు గద్వాలలో బడి ఉద్యోగం వచ్చింది. ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం కూడా నేనే చెప్పేదాన్ని. నా భర్త ప్రభుత్వ బస్సులో కండక్టరు. గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా కల్వకుర్తి దాకా ఆయన గొంతు తెలియని బస్ స్టాండు లేదు. ఆయనది గట్టు అనే ఊరి దగ్గర సేద్యం చేసుకునే హిందూ కుటుంబం. పెద్దయ్యాక, తనంతట తానుగా విని నమ్మినవాడు. ఆయన అన్నకు అది మింగుడుపడలేదు. మాటలు మానలేదు గానీ, కలిసినప్పుడల్లా ఒక చురక అంటించకుండా ఉండేవాడు కాదు. ఆ అన్న ముందు తన దేవుడు చిన్నబోకూడదని నా భర్తకు ఎప్పుడూ ఉండేది. మా మధ్య జరిగినదానికి మూలం అక్కడే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నిండిన బస్సులో ముందు నుంచి వెనకకు నడిస్తేనే ఆయనకు ఛాతీ మీద బరువు పెట్టినట్టయ్యేది. హైదరాబాదులో చూపిస్తే గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు మూసుకున్నాయన్నారు. కాలిలోంచి నరం తీసి గుండెకు కొత్త దారి వేశారు. అదే బైపాస్. ఆపరేషన్‌కు నెత్తురు కావాలంటే మా సంఘం నుంచి ఐదారుగురు బస్సెక్కి వచ్చారు. వాళ్లలో మొదట చెయ్యి చాపింది మా సంఘపెద్ద. ఎరువుల దుకాణం ఆయనది, పెద్ద గొంతు, పెద్ద మనసు. ఈ మాట దాచి మిగతాది చెబితే అన్యాయమవుతుంది.

ఆపరేషన్ అయ్యాక లోపలి వార్డులో మాటిమాటికీ నెత్తురు తీస్తున్నారు. ఇంతగా కోసిన మనిషికి మళ్లీ మళ్లీ ఈ సూదులేమిటని అడిగాను. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. నేను పంతులమ్మనని తెలిసి నిలబడి చెప్పింది.

"గుండె కండకు దెబ్బ తగిలితే అందులోంచి ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి కారుతుందమ్మా. రక్తం చూస్తే గుండె దెబ్బతిన్నదీ లేనిదీ తెలుస్తుంది. మీ ఆయనకు ఇప్పుడు చాలా ఎక్కువగా ఉంది."

"అంటే మళ్లీ అటాక్ వచ్చినట్టా?"

"అలా అనలేం. ఆపరేషన్ చేసిన ప్రతి మనిషిలో ఇది పెరుగుతుంది. మేం చెయ్యి పెట్టింది గుండె మీదే కదా. అందుకే ఒక్క పరీక్ష చూసి ఏదీ చెప్పం. మళ్లీ తీస్తాం, పోల్చి చూస్తాం. దిగుతూ పోతే మా కత్తి పెట్టిన దెబ్బ అనుకుంటాం. దిగాల్సిన సమయంలో ఎక్కితే, వేసిన దారి మూసుకుందేమోనని పరుగెత్తుతాం."

బయటికొచ్చి సంఘపెద్దకు అదే చెప్పాను. ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువుందట, దిగుతుందో లేదో చూస్తారట అన్నాను. ఆయన మొదటి సగమే విన్నాడు. అక్కడే వరండాలో మోకాళ్లూనాడు. మిగతావాళ్లూ ఊనారు. నేనూ ఊనాను. మర్నాటికి ఆ లెక్క దిగింది. ఆ తర్వాత ఇంకా దిగింది. సంఘపెద్ద గద్వాల తిరిగి వెళ్లి ఆదివారం సాక్ష్యం చెప్పాడట: డాక్టర్లు చేతులెత్తేసిన నెత్తురును దేవుడు తన చేతిలోకి తీసుకుని దింపాడని. ఏ డాక్టరూ చెయ్యెత్తలేదు. ఇంటికొచ్చాక ఆ మాట తెలిసి ఆయనతో అన్నాను.

"అన్నా, అది ఆపరేషన్ అయినోళ్లందరికీ దిగేదేనట."

"అందరికి దింపెటోడు ఎవరు చెల్లె?" అన్నాడు.

 నేనూ అదే నమ్ముతాను.

ఛాతీ ఎముక అతుక్కునేదాకా బరువులెత్తొద్దన్నారు. నా భర్త మెల్లగా నడవసాగాడు, గొంతు తిరిగి వచ్చింది. ఇంకో నెలకు డ్యూటీ ఎక్కుతాననేవాడు. ఆపరేషన్ మంచిగా జరిగినందుకు ఒక ఆదివారం కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం. వనపర్తి, నాగర్‌కర్నూల్ సంఘాల నుంచి కూడా విశ్వాసులు వస్తామన్నారు. నా భర్త పట్టుబట్టి అన్నను పిలిచాడు. "ఒక్కసారి వచ్చి కూసో అన్నా, నాకేం జరిగిందో నా నోట విను" అని గట్టుకు మనిషితో కబురు పంపాడు. అన్న వస్తానన్నాడు. ఆ వారమంతా నా భర్త ఏం చెప్పాలో లోపల్లోపల కూర్చుకుంటూ తిరిగాడు.

ఆ ఆదివారం తెల్లవారుతుండగా ఛాతీలో నొప్పన్నాడు.

"ఎముక గుంజుతుందిలే. మొగులు వట్టింది గద" అన్నాడు, బయటి మబ్బు చూపిస్తూ.

కానీ ఆయన చెయ్యి కుట్ల మీద లేదు, పక్కగా, ఎడమ వైపు ఉంది. నేను ఒప్పుకోలేదు. చీర మార్చుకోకుండా ఆటో పిలిచి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. బస్ స్టాండు వెనక ఉండేవాడాయన, ఆదివారమైనా తలుపు తీశాడు. గుండె బొమ్మ తీసి, హైదరాబాదులో పంపించేటప్పుడు తీసిన బొమ్మ పక్కన పెట్టి చూశాడు. "ఆపరేషన్ అయిన గుండె గీతలు ముందే మారి ఉంటాయి. దీన్ని బట్టి తేల్చలేను" అన్నాడు. అప్పుడప్పుడే మా వైపుకు వచ్చిన ఒక పరీక్ష ఆయన దగ్గర ఉంది. వేలెడంత ప్లాస్టిక్ ముక్క. దాని గుంటలో నెత్తురు చుక్కలు వేస్తే కాసేపటికి ఒక గీత వస్తుంది. అది పరీక్ష సరిగా పనిచేసిందని చెప్పే గీత. గుండె కండ దెబ్బతిని ఆ పదార్థం నెత్తురులో కలిసి ఉంటే, పక్కన రెండో గీత కూడా వస్తుంది.

ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఒక్క గీతే వచ్చింది.

నా భర్త "స్తోత్రం" అన్నాడు. నేనూ అన్నాను. డాక్టరు అనలేదు.

"నొప్పి మొదలై ఎంతోసేపు కాలేదు. ఆ పదార్థం నెత్తురులోకి వచ్చి కనపడడానికి కొన్ని గంటలు పడుతుంది. ఇప్పుడు కనపడలేదంటే లేదని కాదు. ఇక్కడే పడుకోండి. సాయంత్రం మళ్లీ నెత్తురు తీస్తాను. అప్పుడూ ఒక్క గీతే వస్తే నేనే మీ ఇంటికి భోజనానికి వస్తా. రెండోది వస్తే ఆలస్యం చెయ్యకుండా కర్నూలు పంపిస్తా."

హైదరాబాదు డాక్టరమ్మ చెప్పిన మాటే ఇది. నాకు వెంటనే అర్థమైంది. నా భర్తకూ అర్థమైంది, ఎందుకంటే బూట్లు విప్పుకున్నాడు. మంచం మీద ఒరిగాడు కూడా.

అప్పుడు బయట స్కూటరు ఆగింది. సంఘపెద్ద. పెళ్లికి వచ్చినట్టు తెల్ల బట్టలు. మా పక్కింట్లో అడిగి వచ్చాడట.

"ఏంది కండక్టర్ సాబ్! బస్సు నిండింది, పైన గూడ ఎక్కిండ్రు. రైట్ అనెటోడే లేకపాయె!"

నా భర్త నవ్వాడు. నేను సంగతి చెప్పాను. సంఘపెద్ద ఆ ప్లాస్టిక్ ముక్కను చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఒక్కటే గీత ఉంది గద. ఒక్కటంటే మంచిదే గద డాక్టర్ సాబ్?"

"ఇప్పటికి మంచిదే. సాయంత్రం దాకా ఏం చెప్పలేను."

"సాయంత్రం మాట సాయంత్రం. పట్నంల అంత పైకెక్కిన నెత్తురునే దేవుడు దింపిండు. మేం కండ్ల జూసినం. గీడ ఒక్క గీతను ఆపలేడా?"

"నేను దేవుడి గురించి చెప్పట్లేదండి, నెత్తురు గురించి చెబుతున్నా."

"నెత్తురు ఎవరిది సార్?" అని సంఘపెద్ద నవ్వి, నా భర్త భుజం మీద చెయ్యి వేశాడు. "మీ అన్న వచ్చిండు బ్రదర్. ముందు వరుసల కూసోబెట్టిన."

ఆ మాటతో నా భర్త లేచి కూర్చున్నాడు. బూట్ల కోసం కాలు చాపాడు.

"ఈడనే పండు. దేవుడు ఈ మంచం మీద నుంచి కూడ వింటడు" అన్నాను.

"దేవుడు వింటడే. మా అన్నకు ఇనవడొద్దా?" అన్నాడు. తర్వాత డాక్టరు వైపు తిరిగి, "సాక్ష్యం జెప్పి, పొద్దుగూకే యాల్లకు వస్త సార్. మాట" అన్నాడు.

డాక్టరు ఏవో మాత్రలిచ్చాడు. మళ్లీ నొప్పి వస్తే ఆగొద్దన్నాడు. "సాయంత్రం చూస్తుంటాను" అన్నాడు నాతో.

మందిరం నిజంగానే నిండింది. వెనక వంటల పొగ లోపలికి వస్తోంది. ఆయన అన్న ముందు వరుసలో, చాప మీద, తలపాగా ఒళ్లో పెట్టుకుని ఇబ్బందిగా కూర్చున్నాడు. నా భర్త లేచి నిలబడ్డాడు. గొంతు బాగుంది. బస్సులో మొదలైన బరువు దగ్గర నుంచి, సంఘం ఇచ్చిన నెత్తురు, వరండాలో ప్రార్థన, అన్నీ వరుసగా చెప్పాడు. అక్కడితో ఆపితే అదంతా జరిగిందే. కానీ ఆయన ఆపలేదు. పొద్దున నొప్పి వచ్చిందన్నాడు. డాక్టరు నెత్తురు చూశాడన్నాడు.

"గుండెకు దెబ్బ తగిలితే రెండు గీతలొస్తయంట. నాకు ఒక్కటే వచ్చింది. ఆ రెండో గీతను నా దేవుడు రానియ్యలే. నాకు నయమైంది!"

మందిరం అంతా స్తోత్రం అంది. చప్పట్లు కొట్టారు. సంఘపెద్ద పాట ఎత్తుకున్నాడు. నేను పెదవులు కదిపాను గానీ పాడలేదు. సాయంత్రం పరీక్ష మాట ఆయన చెప్పలేదు. నా పక్కనున్న ఆమె నా చెయ్యి పట్టుకుని ఆనందంతో ఏడుస్తోంది.

మధ్యాహ్నానికి నొప్పి తగ్గింది. మాత్రలు తగ్గించాయో, మరేదో నాకు తెలియదు. ఆయన అందరి మధ్యా తిరిగి వడ్డించాడు. వద్దన్నా వినలేదు. పొద్దు వాలగానే ఆటో పిలిచి మందిరం ముందు నిలబెట్టి ఆయన దగ్గరికి వెళ్లాను. చాపలు చుడుతున్నారు, గిన్నెలు తోముతున్నారు. ఆయన, అన్న, సంఘపెద్ద అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"పోదాం పా. డాక్టర్ చూస్తుంటడు."

ఆయన సంఘపెద్ద వైపు చూశాడు. సంఘపెద్దే అన్నాడు. "పొద్దుగాల ఏం జెప్పిండు చెల్లె, ఇప్పుడు ఏడికి పోతడు? ఇనిన జనం ఏమనుకుంటరు? రెండోసారి సూది అంటే దేవుణ్ణి శోధించుడే గద."

అప్పుడు నేను మా నాన్న కూతురిలా మాట్లాడాను. "అన్నా, ధర్మశాస్త్రంల కుష్ఠు మచ్చ ఉన్నోణ్ణి యాజకుడు ఎట్ల చూడాలని దేవుడు చెప్పిండు? ఒక్కసారి చూసి శుద్ధుడని పంపమన్నడా? ఏడు దినాలు పక్కకుంచి మళ్లీ చూడమన్నడు. అప్పటికి తేలకపోతే ఇంకో ఏడు దినాలు ఉంచి మళ్లీ చూడమన్నడు. మళ్లీ చూసుడు అవిశ్వాసమైతే ఆ మాట దేవుడే ఎందుకు జెప్తడు? పట్నంల డాక్టరమ్మ చెప్పింది అదే, ఈ డాక్టర్ చెప్పింది అదే."

"మనం ధర్మశాస్త్రం కింద లేం చెల్లె, కృప కింద ఉన్నం."

"ప్రభువు నయం చేసినోళ్లను గూడ పోయి యాజకునికి చూపిచ్చుకోమన్నడు."

"చూపిచ్చుకున్నం గద పొద్దుగాల!"

పక్కన గిన్నెలు తోమేవాళ్లు చేతులాపి వింటున్నారు. ఆయన అన్నకు ఈ వాదం ఏమీ అర్థం కాలేదు. నన్నే అడిగాడు. "ఏందమ్మా, పరేషాన్‌గున్నవ్? ఏం సూది?"

"పొద్దున చూసిన నెత్తురు మళ్లీ చూడాలన్నడు బావా డాక్టర్. ఇప్పుడు రమ్మన్నడు."

"మరి పోరాదురా? సూదే గద" అన్నాడు తమ్ముడితో.

"నాకు నయమైందన్నా. నువ్వు ఇన్నవ్ గద?"

"ఇన్న ఇన్న. మీ దేవుడు కుట్లు మంచిగనే ఏసిండులే. కని సూది పొడిపిచ్చుకోవద్దన్నడా? మా దేవుడైతే ఏమనడబ్బా. ఓపిక ఎక్కువ ఆయనకు" అని పెద్దగా నవ్వాడు.

అందులో ఉన్నది తమ్ముడి మీద ప్రేమే. కానీ అది నలుగురి ముందు పడ్డ మాట. నా భర్త ముఖం బిగుసుకుపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. విడిపించుకున్నాడు.

"రేపు పోదం. అన్న ఊరికి పోయినంక" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. ఆ తర్వాత అందరికీ వినపడేలా, "ఆటోను పొమ్మను" అన్నాడు.

ఆటో వెళ్లిపోయింది. సంఘపెద్ద నా వైపు జాలిగా చూశాడు. విశ్వాసంలో వెనకబడ్డ చెల్లెలిని చూసినట్టు.

మర్నాడు దుకాణాలు తెరిస్తే విత్తనాలు కొనుక్కుని పోవచ్చని ఆయన అన్న మా ఇంట్లోనే పడుకున్నాడు. తెల్లవారి నేను లేచేసరికి నా భర్త గడప మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. "గాలి ఆడతలేదు" అన్నాడు, ఆ రెండు మాటలకు మధ్య ఊపిరి తీసుకుని. నేను కేక వేశాను. అన్న పరుగున వచ్చి చేతులమీద ఎత్తుకుని రోడ్డు మీదికి తీసుకుపోయాడు. మనుషులను ఎక్కించుకుంటున్న ఒక జీపును ఆపి అందరినీ దింపేశాడు.

డాక్టరు మళ్లీ అదే రకం ముక్క తీసి చుక్కలు వేశాడు. ఈసారి ఎదురుచూడనక్కర్లేకపోయింది. రెండో గీత మొదటిదానికంటే ముదురుగా లేచింది. డాక్టరు నన్నేమీ అనలేదు. నా భర్త ముఖం మీద వంగి, "నిన్న చీకటి పడేదాకా చూశానయ్యా" అన్నాడు. నా భర్త కళ్లు మూసుకున్నాడు.

అదే జీపులో కర్నూలు పోయాం. దారి పొడుగునా ఆయన తల అన్న ఒళ్లో ఉంది. అన్న తన తలపాగాతో తమ్ముడి ముఖం తుడుస్తూ, "అరేయ్, నేను నవ్వులకన్నరా. మీ దేవుడు పెద్దోడే, నేను ఒప్పుకుంటరా, నువ్వు కండ్లు దెరువు" అంటూనే ఉన్నాడు. ఎన్నో ఏళ్లుగా నా భర్త వినాలనుకున్న మాట అది. విన్నాడో లేదో తెలియదు.

కర్నూలులో బతికించారు. కానీ గుండెకు వేసిన కొత్త దారుల్లో ఒకటి పూర్తిగా మూసుకుపోయిందన్నారు. దాంతో నెత్తురు అందే కండ చచ్చిపోయింది. "నిన్న సాయంత్రం రక్తం చూసి ఉంటే తెలిసేదమ్మా. తెలిసి ఉంటే ఆ కండ కొంతైనా మిగిలేది. అంతా మిగిలేదని మాత్రం చెప్పను" అన్నాడు అక్కడి డాక్టరు. ఆయన అంత కచ్చితంగా మాట్లాడకుండా ఉంటే బాగుండేది. కొంతైనా అన్న ఆ మాటతోనే ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను.

ఇంటికి తెచ్చుకున్నాం. ఆయన మళ్లీ డ్యూటీ ఎక్కలేదు. మంచం నుంచి వాకిలి దాకా నడిచి ఆగేవాడు. పడుకుంటే ఊపిరాడదు, దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్ర. ఒకరోజు అన్నం కలుపుతుంటే అడిగాడు.

"ఆ దినం నువ్వు ఆటో పిలిచినవ్ గద."

"పిలిచిన."

"గట్టిగ ఎందుకు గుంజకపోతివి?"

"గుంజిన. నువ్వు చెయ్యి ఇడిపిచ్చుకున్నవ్."

"ఔ" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆయన మీద నాకు కోపం లేదని చెప్పను. మనిషి ఊపిరి కోసం పాకులాడుతున్నప్పుడు వీపు రాస్తూ కూడా కోపంగానే ఉండేదాన్ని. ఒక అన్న ముందు గెలవాలని, ఒక సాయంత్రం సూదికి చెయ్యి చాపని మనిషి. ఆయన గెలిస్తే దేవుడు గెలిచినట్టని ఆయనకు చెప్పిందెవరు? లేఖనం చెప్పలేదు. నాకు తెలుసు, నేను చదివాను.

సంఘపెద్ద చూడడానికి వచ్చాడు. పండ్లు తెచ్చాడు, ప్రార్థన చేశాడు, నా భర్త నిద్రలోకి జారాక నాతో అన్నాడు. "ఏమనుకోకు చెల్లె. ఇంట్ల ఇద్దరి విశ్వాసం ఒక్కతీరుగ లేకపోతే గిట్లనే అయితది. ఆయన సాక్ష్యం జెప్పిన దినమే నువ్వు ఆటో పిలిస్తివి."

నేను ఆ మాట రెండోసారి చెప్పమన్నాను. చెప్పాడు. కళ్లలో నీళ్లతోనే చెప్పాడు, నిజంగా నమ్మి చెప్పాడు.

"అన్నా, నీ నెత్తురు ఈయన ఒంట్ల ఉంది. అందుకే నిన్ను బయటికి పొమ్మంటలేను. చాయ తాగి పో" అన్నాను.

తాగకుండానే వెళ్లాడు.

మరుసటి వానలు మొదలైనప్పుడు నా భర్త పోయాడు. సమాధి కూడికలో సంఘపెద్దే మాట్లాడాడు. చివరి ఊపిరి దాకా అనుమానపడని మనిషి అన్నాడు. ఆయన అన్న నా పక్కనే నిలబడి, "అనుమానపడితే బతుకుతుండె గదమ్మా" అన్నాడు. గొంతు తగ్గించలేదు. వినపడ్డవాళ్లు తలలు తిప్పారు. ఆ కూడికలో నాకు నచ్చిన మాట అదొక్కటే, అది చెప్పినవాడు మా సంఘం వాడు కాదు.

నేను మందిరానికి వెళ్లడం మానలేదు. ఎందుకు మానాలి? దేవుడితో నాకు తగువు లేదు. కండలోంచి నెత్తురులోకి ఆనవాలు కారేలా చేసినవాడు ఆయనే. లోపల దెబ్బ తగిలిందని బయటికి తెలిపే మార్గం ఆయనే పెట్టాడు. దాన్ని చూడగలిగే బుద్ధి మనిషికి ఇచ్చాడు. చూడవద్దన్నది మేము. ఆ విషయం ప్రార్థనలో ఆయనకు చాలాసార్లు చెప్పాను. ఆయనకు తెలియని సంగతేం కాదు. సాక్ష్యాల సమయంలో మాత్రం నేను లేవను. అందరూ నేను ఇంకా దుఃఖంలో ఉన్నాననుకుంటారు.

ఆ తర్వాతి ఎండాకాలం నాగర్‌కర్నూల్ దగ్గర పెద్ద కూడికలు పెట్టారు. గుడారం వేశారు. ఊరూరి నుంచి ట్రాక్టర్లలో వచ్చారు జనం. మా ప్రాంతం వాడు కాని ఒక ప్రసంగీకుడు ప్రసంగం మధ్యలో ఒక సంగతి ఎత్తుకున్నాడు. గద్వాలలో ఒక బస్సు కండక్టరు. గుండె ఆపరేషన్ అయినవాడు. మళ్లీ నొప్పి వస్తే డాక్టర్లు నెత్తురు చూసి, రెండో గీత వస్తుంది, చచ్చిపోతావు అన్నారట. ఆయన నవ్వి, నా దేవుడు రానివ్వడు అన్నాడట. "ఆ గీత ఈ రోజు వరకూ రాలేదు!" అన్నాడు ప్రసంగీకుడు. గుడారం అదిరిపోయింది.

నేను లేవలేదు.  మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకామె నా పక్కన కూర్చుంది. తిమ్మాజిపేట నుంచి వచ్చిందట. మాటల్లో నాది గద్వాల అని తెలిసింది.

"గద్వాలనా అక్కా? అయితే ఆ కండక్టరన్న తెలుస్తడా మీకు? మా ఆయనకు పోయిన నెలల గదే ఆపరేషన్ అయింది. ఆ సాక్ష్యం ఇన్నంక నాకు ఎంత ధైర్యమొచ్చిందో."

"ఆయన మా ఆయనే."

ఆమె ముఖం వెలిగిపోయింది. చుట్టూ చూసింది. "వచ్చిండా? ఏడున్నడక్కా? మా ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన జేపిస్త."

"పోయిండమ్మా. తెల్లారే వచ్చింది ఆ గీత."

ఆమె నా బొట్టులేని నుదురు చూసింది, అది మాలో అందరికీ అంతే కాబట్టి అందులో ఆమెకేమీ కనపడలేదు.

"అట్లైతే ఆయన గాదులే అక్కా. అయ్యగారు జెప్పింది బతికున్న మనిషి గురించి."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "ఆయనో, ఇంకొకడో. మీ ఆయనకు ఎప్పుడన్న ఛాతీల నొప్పొస్తే ఒక్కసారి నెత్తురు చూపిచ్చి ఊకోకు. డాక్టర్ ఉండమన్నంత సేపు ఆడనే ఉండు. మళ్లీ చూపియ్యి. ఎవలేమన్న సరే, ఆణ్ణించి లేవనియ్యకు."

ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుంది. కోపంగా కాదు, నొప్పించకుండానే. గుడారంలో మళ్లీ పాట మొదలైంది. "పిలుస్తుండ్రు అక్కా" అని లేచి, సగం తిన్న పళ్లెంతో ముందు వరుసల వైపు, తన భర్త కూర్చున్న చోటికి వెళ్లిపోయింది.